శనివారం తెరిచే కొండకు శుక్రవారం నడక

కందుకూరు దగ్గరి మాలకొండకు వెళ్లాలనుకునేవారు ముందుగా ఏ వారమో చూసుకోవాలి. మాల్యాద్రి లక్ష్మీనరసింహస్వామి గుడి తలుపులు శనివారం ఒక్కరోజే తెరుస్తారు. మిగతా ఆరు రోజులూ దేవతలు, ఋషులు వచ్చి స్వామిని కొలుస్తారని నమ్మకం. వారిలో అగస్త్యుడి పేరు ఎక్కువగా వినిపిస్తుంది. నమ్మకం సంగతి అలా ఉంచితే, యాత్రికుడి పాట్లన్నీ ఈ ఒక్క నియమం దగ్గరే మొదలవుతాయి. వారమంతా రావలసిన జనం ఒక్క పగటిపూట వచ్చి పడతారు. గది, భోజనం, బస్సు, మంచినీళ్లు, ఆఖరికి చెప్పులు విడిచే చోటు కూడా ఆ ఒక్క రోజు రద్దీలోనే దొరకాలి. మరో పుణ్యక్షేత్రంలో పనికొచ్చిన తెలివితేటలు ఇక్కడ అంతగా పనికిరావు.

మాది ఒంగోలు. మా వైపు ఈ స్వామి పేరు పెట్టుకున్నవారు లేని ఊరు ఉండదు. మాల్యాద్రి, మాలకొండయ్య, మాలకొండారెడ్డి, మాలకొండమ్మ... కందుకూరు బస్టాండులో నిలబడి ‘మాల్యాద్రీ’ అని కేకేస్తే ఇద్దరు ముగ్గురైనా వెనక్కి తిరుగుతారు. మా మేనమామ పేరూ అదే. అందుకే ఈ కొండ నాకు కొత్త కాదు. కాలినడకన వెళ్లడమే కొత్త. కార్తీకంలో కందుకూరు నుంచి నడిచి వెళ్లేవాళ్లు ఉన్నారని విని, ఒక శుక్రవారం నేనూ బయలుదేరాను.

కందుకూరు చేరడం సులువే. రైలులో వచ్చేవారు సింగరాయకొండలో దిగాలి. విజయవాడ–గూడూరు మార్గంలో ఉన్న స్టేషను అది. అక్కడి నుంచి కందుకూరుకు బస్సులు, ఆటోలు దొరుకుతూనే ఉంటాయి. సమయం ఉంటే సింగరాయకొండలోనే వరాహ నరసింహస్వామిని చూసుకోవచ్చు. ఒకే యాత్రలో ఇద్దరు నరసింహులు. గురువారం రాత్రి కందుకూరులో ఒక లాడ్జిలో దిగాను. దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. దుప్పటి ఉతికిందే, ఫ్యాను తిరిగింది, దోమలు మాత్రం అద్దె కట్టకుండానే గదిలో ఉన్నాయి. బస్టాండు చుట్టుపక్కల ఉండే లాడ్జీలలో రోడ్డు వైపు గది ఇస్తామంటే ఒప్పుకోకండి. తెల్లవారుజాము నుంచే హారన్ల మోత.

కందుకూరు ఏ జిల్లాలో ఉందని పిల్లలను అడిగితే తికమక పడతారు. 1970 వరకు నెల్లూరు జిల్లా. ఆ ఏడాది ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు ఇటు వచ్చింది. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. 2022 విభజనలో కందుకూరు, దానితో పాటు మాలకొండ మళ్లీ నెల్లూరు వైపు వెళ్లి, 2025 చివరలో తిరిగి ప్రకాశానికి వచ్చాయి. దీని మీద నాకు దారిలో వినిపించిన మాట ఒకటి ఉంది, తర్వాత చెబుతాను.

మధ్యాహ్నం భోంచేసి పామూరు రోడ్డు పట్టుకున్నాను. మొత్తం ముప్పై కిలోమీటర్ల పైచిలుకు నడక. ఊరు దాటేదాకా దుమ్ము, ఆటోలు. ఆ తర్వాత రోడ్డుకు రెండు వైపులా జామాయిల్ తోటలు, మధ్యమధ్యలో పొగాకు చేలు. కార్తీకం అంటే పొగాకు నాట్లు వేసే కాలం. ఎర్రటి చాళ్లలో మొక్కలు ఇంకా అరచేయంత కూడా లేవు. చేల మధ్య పొగాకు కాల్చే బ్యారన్లు తాళాలు వేసుకుని నిలబడి ఉన్నాయి. ఆకు రెలిచి కాల్చే రోజులు వచ్చేదాకా వాటికి పని లేదు. నడకకు ఈ కాలమే మంచిది. ఎండ ఉన్నా మాడ్చదు. వేసవిలో ఈ రోడ్డు మీద నడవమని ఎవరికీ చెప్పను. జామాయిల్ చెట్టు ఎంత ఎత్తు పెరిగినా కూర్చోవడానికి నీడ ఇవ్వదు.

వలేటివారిపాలెం ఇంకా రాకముందే ఎడమ మడమ ఒరుసుకుపోయింది. రోడ్డు పక్కన కొత్తగా సున్నం వేసిన బస్ షెల్టరు కనిపిస్తే వెళ్లి కూర్చుని చెప్పు విప్పాను. లోపలి బల్ల మీద అప్పటికే ఒక పెద్దాయన ఉన్నారు. అరవై దాటిన మనిషి. తెల్ల చొక్కా, మోకాళ్ల మీదికి మడిచి కట్టిన పంచె, భుజానికి గుడ్డ సంచి, పక్కన చేతికర్ర. నన్ను ఎగాదిగా చూశారు.

"బస్సు కోసమైతే ఇక్కడ కూర్చోకండి బాబూ. ఇక్కడ ఆగదు. నడిచే మనిషైతే కూర్చోండి."

"షెల్టరు దగ్గర బస్సు ఆగకపోవడమేమిటి బాబాయిగారూ?"

ఆయన కర్రతో కొంచెం అవతల ఉన్న వేపచెట్టును చూపించారు. "స్టేజీ అదీ. ఊళ్లోకి దారి అక్కడే తిరుగుతుంది, జనం అక్కడే ఎక్కుతారు. షెల్టరు స్థలం దొరికినచోట కట్టారు." అంతలోనే ఒక పల్లెవెలుగు వచ్చి, షెల్టరును దాటిపోయి వేపచెట్టు కింద ఆగింది.

మడమకు ఏదో గుడ్డపేలిక చుట్టబోతుంటే వద్దని, సంచిలోంచి కొబ్బరినూనె సీసా తీసి ఇచ్చారు. నూనె రాసి దూది పెట్టి, దాని మీద గుడ్డ కట్టమన్నారు. ఆయనా కొండకే. ఒంటరిగా వెళ్లే ఇద్దరం జంటగా నడవడం మొదలుపెట్టాం. పేరు ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. నన్ను కాసేపు ‘బాబూ’ అని, నడక కుదురుకున్నాక ‘అబ్బాయీ’ అని పిలిచారు. ‘మీరు’ కూడా అక్కడే ‘నువ్వు’ అయింది.

మనిషి వృత్తి ఏమిటో మొదటి టీ దగ్గర బయటపడింది. డబ్బులు ఆయనే ఇచ్చారు. పది రూపాయల నోట్లు నిలువుగా మడిచి వేళ్ల సందుల్లో ఇరికించి ఉన్నాయి. బొటనవేలితో ఒక నోటును జారవిడిచారు, చూడకుండానే. చిల్లర మాత్రం అరచేతిలో మోగించి చూసుకున్నారు.

"ఏ రూటులో చేశారు?" అన్నాను.

ఆయన పెద్దగా నవ్వారు. "ఇదే. కందుకూరు–పామూరు ఎక్కువ. కనిగిరి కొన్నాళ్లు. శనివారాలు మాలకొండ స్పెషల్."

ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసి పదవీ విరమణ చేసిన మనిషి. 2020 జనవరిలో సంస్థ సిబ్బందిని ప్రభుత్వంలో కలిపినప్పటికి ఆయన ఇంకా ఉద్యోగంలోనే ఉన్నారట. ఆ దారి మీద ఆయనకు తెలియని చెట్టు లేదు. మనం ఊళ్ల పేర్లతో చెప్పుకునే దూరాన్ని ఆయన స్టేజీలలో చెబుతారు. ప్రతి స్టేజీ దగ్గర ఎస్సార్ అనే లెక్కల కాగితం మీద టికెట్ల నంబర్లు రాయడం ఒకప్పటి అలవాటు. మిషన్లు వచ్చి ఆ రాత పోయినా, చేతికి ఇంకా గుర్తుందన్నారు. జిల్లాల మార్పు గురించి ఆయన అన్న మాట ఇదీ: "బోర్డు మీద జిల్లా పేరు ఎన్నిసార్లు మార్చినా మాకేం? రూటు మారలేదు, గుంటలూ మారలేదు."

అసలు సంగతి మాత్రం చీకటి పడ్డాకే చెప్పారు. సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఆయన మాలకొండ ఎక్కలేదు. గుడి తెరిచేది శనివారం. ఆర్టీసీకి ఆ దారిలో ఊపిరాడనిదీ శనివారమే. ఆ రోజు సెలవు అడిగితే డిపోలో నవ్వేవారట. తెల్లవారుజామున మొదటి ట్రిప్పు జనాన్ని కొండ కింద దింపడం, బస్సు తిప్పుకుని మళ్లీ కందుకూరుకు రావడం, మళ్లీ జనం, మళ్లీ కొండ. "పైకి చూసి ఒక దండం పెట్టేవాణ్ని. అది పూర్తయ్యేలోపే ఎవరో చిల్లర అడిగేవారు." ఆదివారం సెలవు దొరికినా లాభమేముంది, తలుపులు మూసి ఉండేవి. పెళ్లికి ముందు తల్లితో ఎక్కారు, మళ్లీ ఎక్కింది విరమణ తర్వాతే. వేలమందిని ఆ కొండకు చేర్చిన మనిషికి దర్శనం దొరకనిది ఆ ఉద్యోగం వల్లే. ఈ మాట ఆయన ఫిర్యాదులా చెప్పలేదు. టికెట్టు లెక్క అప్పగించినట్లు చెప్పారు.

"మరి ఇప్పుడు పాస్ ఉంటుందిగా, నడవడమెందుకు?"

"పాస్ ఉంది అబ్బాయీ. బస్సు ఎక్కితే కూర్చోలేను. ఎవరు టికెట్ తీసుకోలేదో చూడాలనిపిస్తుంది. కొత్త కండక్టరు పిల్లలకు అది నచ్చదు."

ఆ నడకలో నాకు ఎక్కువగా ఉపయోగపడింది నీళ్ల విషయంలో ఆయన చెప్పిన సలహా. కనిగిరి, పామూరు ప్రాంతాలు ఫ్లోరైడుకు పేరుపడినవి. ఆయన పుట్టింది కనిగిరి వైపు పల్లెలో. నోరు తెరిచి చూపించారు. ముందు పళ్ల మీద అడ్డంగా గోధుమరంగు చారలు. చిన్నప్పుడు తాగిన బావి నీళ్లు పెట్టిన సంతకమట. దారిలో చేతిపంపు కనిపించగానే సీసా నింపుకోబోతుంటే ఆపి, టీ కొట్లో పెట్టిన క్యాను నీళ్లు పట్టుకోమన్నారు. ఒకరోజు తాగినంత మాత్రాన ఎవరికీ ఏమీ కాదు, అది ఆయనకూ తెలుసు. అయినా ఆ పంపు దగ్గర ఆయన నీళ్లు తాగలేదు, నన్నూ తాగనివ్వలేదు. రాత్రి నడిచేవారు రెండు లీటర్లయినా వెంట ఉంచుకోవాలి. వలేటివారిపాలెం దాటాక, పొద్దుపోతే, తెరిచి ఉన్న కొట్టు దొరకడం కష్టం.

రాత్రిపూట ఈ దారి సురక్షితమేనా అని అడిగేవారికి: మనుషుల భయం నాకు కనిపించలేదు, వాహనాల భయం ఉంది. రోడ్డు మార్జిన్ చాలాచోట్ల సన్నం. ఎదురుగా వచ్చే వాహనం మనకు కనిపించేలా కుడిపక్కనే నడవాలని పెద్దాయన పట్టుబట్టారు. వెనక తగిలించుకున్న నా సంచికి తన తెల్ల తువ్వాలు కట్టారు, హెడ్‌లైటు వెలుగులో కనిపించాలని. కుక్కల సంగతి కర్ర చూసుకుంది.

అర్ధరాత్రి దాటాక కొండ కిందికి చేరాం. అంతవరకు చీకటిలో నడిచి వచ్చిన కళ్లకు అక్కడి దీపాలు తిరునాళ్లలా కనిపించాయి. కొబ్బరికాయల బస్తాలు దించుతున్నారు, పూల బుట్టల మీద నీళ్లు చల్లుతున్నారు, బొమ్మల కొట్లవాళ్లు పట్టాలు కడుతున్నారు. ట్రాక్టర్లలో వచ్చిన కుటుంబాలు పొంగళ్ల కోసం రాళ్లు పేర్చుకుని పక్కనే పడుకున్నాయి. శనివారం పొద్దు వాలాక ఇదంతా ఖాళీ అవుతుంది. ఆదివారం వచ్చి చూస్తే ఇక్కడ ఇంత జనం ఉన్నారని నమ్మడం కష్టం.

ఇక బస. మాలకొండలో సత్రాలకు కొదవ లేదు. చాలావాటి బోర్డుల మీద కులం పేరు ఉంటుంది. ఎవరి కులం వారు చందాలు వేసుకుని కట్టుకున్నవి. శనివారం అన్నదానం వీటిలోనే జరుగుతుంది. భోజనానికి ఎవరు వెళ్లినా విస్తరి వేస్తారు, ఆ మర్యాదకు వంక పెట్టలేం. రాత్రి పడక దగ్గర మాత్రం మాట మారుతుంది. మేము మొదట వెళ్లిన సత్రంలో గుమస్తా తలుపు సగమే తెరిచి, "మీరెవరు?" అన్నాడు. ఆ ప్రశ్నకు అర్థం అందరికీ తెలిసిందే. నేను ఒక్క క్షణం ఆగాను. పెద్దాయన ఆగలేదు.

"కందుకూరు డిపో," అన్నారు.

గుమస్తా ముఖం చూడాలి. అతని దగ్గర ఆ పేరుతో గది లేదు, కాదనడానికి కారణమూ లేదు. ‘అంటే... ఏమిట్లు?’ అని మళ్లీ కులం అడగబోయి, గదులు నిండిపోయాయని చెప్పి తలుపు వేసుకున్నాడు. రెండో సత్రంలోనూ అదే ప్రశ్న, అదే జవాబు. అక్కడి ముసలి కాపలాదారు మాత్రం పగలబడి నవ్వి, వరండాలో చాప పరిచి, ఇటుక మీద గుడ్డ చుట్టి తలగడ కూడా ఇచ్చాడు. ఏటా ఒక కొత్త సత్రంలో ఇలాగే పడుకుంటానని పెద్దాయన చెప్పారు. ఆయనది ఏ కులమో నాకు ఇప్పటికీ తెలియదు. నడక అంతా పక్కన నడిచి, ఒకే చాప మీద పడుకుని లేచాక, తెలుసుకోవాలనీ అనిపించలేదు. కానీ నరసింహస్వామి కొండ కింద నిలబడి ఆ ప్రశ్న వినవలసి రావడం నాకు రుచించలేదు. సత్రం కట్టిన పుణ్యం ఆ సగం తెరిచిన తలుపు దగ్గర ఎంత మిగులుతుందో కట్టినవారే ఆలోచించాలి.

బస గురించి నా అభిప్రాయం ఇదీ. కుటుంబంతో, చిన్నపిల్లలతో వచ్చేవారు శుక్రవారం రాత్రి కందుకూరులోనే ఉండి, తెల్లవారుజామున మొదటి బస్సులో రావడం మేలు. ఒంటరిగానో, స్నేహితులతోనో వచ్చేవారికి వరండా చాలు. దుప్పటి తెచ్చుకోండి, కార్తీకంలో కొండగాలి చలి పుట్టిస్తుంది. స్నానానికి, కాలకృత్యాలకు తెల్లవారకముందే లేవాలి. వెలుగు వచ్చాక ఎక్కడ చూసినా వరుసలే.

కొండ మీదికి మెట్లున్నాయి, ఘాట్ రోడ్డూ ఉంది. నడిచి వచ్చినవారికి మెట్లే మర్యాద అన్నారు పెద్దాయన. నా మడమ ఒప్పుకోకపోయినా ఎక్కాను. స్వామిది కొండ గుహలోని ఆలయం. ఆ కాసేపు బయటి గోల వినిపించదు. దర్శనం చాలా తక్కువ సేపే. తోసేవారు లేరు, వెనకనున్న జనమే తోస్తారు.

నాకు మనసులో నిలిచిపోయింది అమ్మవారి గుడికి వెళ్లే దారి. అమ్మవారు పైకి నడుస్తుంటే కొండ రెండుగా చీలి తోవ ఇచ్చిందని చెబుతారు. ఆ చీలికలోంచే మనమూ వెళ్లాలి. రెండు నిలువు బండల మధ్య మనిషి పక్కకు తిరిగితే గానీ పట్టనంత సందు. భుజాలు రాసుకుని రాసుకుని రెండు వైపులా రాయి నల్లగా, నున్నగా మెరుస్తోంది. మూపు ఎత్తున కుంకుమ చేతుల ముద్రలు. నా ముందు ఒక భారీ మనిషి. ఎంత లావువారైనా ఇందులో ఇరుక్కోరని ఇక్కడి నమ్మకం. ఆయనకు ఆ నమ్మకం మీద నమ్మకం చాలినట్లు లేదు. సగంలో ఆగిపోయారు. వెనకనుంచి ఆడవాళ్లు గోవింద కొట్టారు. పెద్దాయన నా భుజం మీదుగా గొంతెత్తి, "ముందుకు జరగాలి, ముందు ఖాళీ ఉంది, జరగాలి జరగాలి!" అన్నారు. ఆ గొంతుకు ఎన్నేళ్ల అలవాటో! భారీ మనిషి ఊపిరి బిగబట్టి జరిగారు, మేమంతా జరిగాం. ఆయాసం ఉన్నవారు, ఇరుకు చోట భయపడేవారు ఎండెక్కక ముందే, జనం పలుచగా ఉన్నప్పుడు ఈ దారిలో వెళ్లడం మంచిది. వెనక్కి తిరిగి రావడానికి వీలుండదు.

పైనుంచి చూస్తే పడమటగా కొండల వరుస, కింద పొగాకు చేలు. కూర్చోవాలనిపించే చోటే గానీ బండ పొద్దున్నే వేడెక్కుతుంది, అరికాళ్లు నిలవనివ్వవు.

భోజనం మమ్మల్ని రాత్రి పొమ్మన్న సత్రంలోనే చేశాం. పెద్దాయన పట్టుబట్టి అక్కడికే తీసుకెళ్లారు. దోసకాయ పప్పు, గోంగూర పచ్చడి, సాంబారు, మజ్జిగ. వంట నిజంగా బాగుంది, పప్పు రెండోసారి అడిగి వేయించుకున్నాను. రాత్రి తలుపు వేసుకున్న గుమస్తాయే గరిటెతో వచ్చి, ఆయనను గుర్తుపట్టి, "డిపో వాళ్లకు ఇంకొంచెం వేయండి" అన్నాడు. వెటకారమో, మర్యాదో తేల్చుకోలేకపోయాను. ఆయన మాత్రం విస్తరి ముందుకు జరిపారు.

తిరుగు ప్రయాణమే ఈ యాత్రలో పెద్ద పరీక్ష. మధ్యాహ్నం భోజనాలు కాగానే అందరూ ఒకేసారి దిగుతారు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవారికి ఉచిత ప్రయాణం వచ్చాక పల్లెవెలుగు బస్సులు మరీ నిండిపోతున్నాయి. ఉచితమైనా జీరో టికెట్ కొట్టి తీరాలి కాబట్టి కండక్టరుకు పని తగ్గలేదు. "చిల్లర బాధ పోయింది, ఊపిరి బాధ వచ్చింది" అన్నారు పెద్దాయన. ఆయనకు ఆ పథకం మీద కోపం లేదు. బస్సు మెట్టు మీద నిలబడి పది రూపాయలు తక్కువైన ముసలమ్మలను చాలామందిని చూశానని, ఇప్పుడు ఆ బాధ లేదని అన్నారు.

కందుకూరు బస్సు రాగానే జనం తలుపు మీద పడ్డారు. ఆయన నన్ను పక్కకు లాగి, పామూరు వైపు వెళ్లే బస్సు ఎక్కమన్నారు. అది ఖాళీగా ఉంటుంది, పామూరులో వేణుగోపాలస్వామి గుడి చూసుకుని, సాయంత్రం ఒంగోలు బస్సులో కనిగిరి మీదుగా కూర్చుని వెళ్లవచ్చు. చుట్టుదారే, కానీ కాళ్లకు సుఖం. నేను ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాక చూస్తే, ఆయన కందుకూరు బస్సు మెట్టు దగ్గర నిలబడి ఒక బాలింత కోసం ముందు సీటు ఖాళీ చేయిస్తున్నారు. కుర్ర కండక్టరు ఏదో విసుక్కున్నట్లు కనిపించాడు. ఆయన వినిపించుకోలేదు.

ఆ సలహా అక్షరాలా పనికొచ్చింది. పామూరు దాకా కాళ్లు చాపుకుని కూర్చున్నాను. ఇంకో పూట చేతిలో ఉన్నవారు పామూరు నుంచి సీఎస్ పురం మీదుగా భైరవకోనకు వెళ్లవచ్చు. ఒకే కొండను తొలిచిన ఎనిమిది శివాలయాలు, వానలు బాగా పడిన ఏడాదైతే జలపాతం. పిల్లలకు మాలకొండ కంటే అదే నచ్చుతుంది, కానీ పగలు వెళ్లి పగలే తిరిగి రావలసిన చోటు. వేరే బస్సు పట్టుకునే ఓపిక ఉన్నవారికి లింగసముద్రం వైపు మొగలిచెర్ల ఉంది. మాలకొండలో తపస్సు చేసిన దత్తాత్రేయ అవధూత సమాధి మందిరం అక్కడిది. రోజూ తెరిచి ఉండే నరసింహుడే కావాలనుకుంటే రాపూరు దగ్గర పెంచలకోన ఉంది. అక్కడ గదులూ సులువుగా దొరుకుతాయి, అడవీ ఏరూ అదనం. నడిచి వెళ్లాలనుకునేవారు మాత్రం కార్తీకంలో శుక్రవారం మధ్యాహ్నం కందుకూరులో బయలుదేరండి. కొబ్బరినూనె, దూది, రెండు లీటర్ల నీళ్లు, దుప్పటి, వీపు మీద కట్టుకోవడానికి తెల్ల తువ్వాలు మరిచిపోవద్దు. సత్రం దగ్గర ఏం చెప్పాలో మీకు తెలుసు.